పళ్ళ సందుల్లో పూడికతీత



ఉక్కునగరం నుంచి ఎనిమిదో తరగతి చదివే ఒక అమ్మాయి ఈ నెల పెద్ద ఉత్తరం రాసింది. ఎగుడుదిగుడుగా ఉన్న పళ్ళు వరసకు రావటానికి డాక్టరుగారు ఆమెకు క్లిప్పులు పెట్టారట. రోజూ రాత్రి పళ్ళ సందుల్లో దారం వేసి శుభ్రం చేసుకోమన్నారట. "మాస్టారూ, బ్రష్షుతో తోముకున్నాక మళ్ళీ ఈ దారం ఎందుకండీ? పావుగంట పడుతున్నది. పైగా చిగుళ్ళనుంచి రక్తం వస్తున్నది. రక్తం వస్తే మానెయ్యమని అమ్మమ్మ అంటున్నది. మానెయ్యనా?" అని అడిగింది.

మానవద్దమ్మా. ఎందుకో చెబుతాను. క్లిప్పులు లేనివాళ్ళు కూడా వినండి. ఇది అందరికీ పనికివచ్చే సంగతే.

ముందు మన రేవు సంగతి చూద్దాం. విశాఖలో ఉన్నవాళ్ళందరికీ డాల్ఫిన్ నోస్ కొండ తెలుసు కదా! ఆ కొండ పక్కనున్న కాలువ గుండానే ఓడలు రేవులోకి వస్తాయి. 1933లో ఈ రేవు తెరిచారు. తెరిచిన నాటినుంచీ దానికి ఇసుకతో పోరాటమే. సముద్రపు అలలు తీరం వెంబడి దక్షిణం నుంచి ఉత్తరానికి ఇసుకను తోసుకువస్తూ ఉంటాయి. ఆ ఇసుక ఓడలు వచ్చే కాలువలో చేరుతుంది. ఊరుకుంటే కాలువ మేట వేసి, ఓడ అడుగు నేలకు తగులుతుంది. అందుకని డ్రెడ్జరు అనే ప్రత్యేకమైన ఓడ వచ్చి, అడుగునున్న ఇసుకను తోడి, గొట్టాల ద్వారా ఉత్తరాన బీచి వైపు పోస్తుంది. ఇటువంటి పనులు చెయ్యటానికి 1976లో ఏర్పడిన డ్రెడ్జింగ్ కార్పొరేషన్ ప్రధాన కార్యాలయం మన ఊళ్ళోనే ఉన్నది. ఒకసారి తోడితే పని తీరిపోదు. ఏటేటా తోడవలసిందే. రేవు గట్టును అద్దంలా ఊడ్చినంత మాత్రాన కాలువలో పూడిక పోతుందా?

మన నోట్లోనూ ఇదే వ్యవహారం. అక్కడ ఏటేటా, ఇక్కడ రోజూ, అంతే తేడా.

ఒక దవడపంటికి ఎన్ని ముఖాలో లెక్కపెట్టండి. బుగ్గవైపు ఒకటి, నాలుకవైపు ఒకటి, నమిలేవైపు ఒకటి, ఇటు పొరుగుపంటిని ఆనుకున్నది ఒకటి, అటు పొరుగుపంటిని ఆనుకున్నది ఒకటి. మొత్తం అయిదు. బ్రష్షు కుచ్చు మొదటి మూడింటినే శుభ్రం చేస్తుంది. పళ్ళు ఒకదానికొకటి ఆనుకున్నచోట కుచ్చు దూరదు. మన పెద్దలు వాడిన పందుంపుల్ల కూడా దూరదు. వేపపుల్లను నేను తక్కువ చెయ్యటం లేదు సుమా! చివర బాగా నమిలి మెత్తటి కుచ్చు చేస్తే అదీ బ్రష్షులాంటిదే. కాని సందు దాని వల్లా కాదు.

ఆ సందుల్లో ఏముంటుంది? తేగలు తిన్నప్పుడో, పీచు మామిడిపండు చీకినప్పుడో ఇరుక్కున్న పీచు మీకు వెంటనే తెలుస్తుంది. అది వచ్చేదాకా నాలుక ఊరుకోదు. తెలియకుండా ఉండేది వేరొకటి ఉన్నది. హాలండు దేశంలో లేవెన్‌హోక్ అనే బట్టల వర్తకుడు ఉండేవాడు. తీరిక వేళల్లో తన చేతులతోనే చిన్నచిన్న కటకాలు సానపట్టి, వాటితో కనపడిన వస్తువునల్లా పరీక్ష చేసేవాడు. ఆయన రోజూ ఉదయం ఉప్పుతో పళ్ళు రుద్దుకునేవాడు. అయినా పళ్ళ సందుల్లో పిండిముద్దలాంటి తెల్లని పాచి ఉండటం చూసి, దాన్ని గీరి నీటిలో కలిపి కటకంలో చూశాడు. చూస్తే ఏమున్నది! ఎన్నో సూక్ష్మప్రాణులు! కొన్ని చేపల్లా దూసుకుపోతున్నాయి, కొన్ని బొంగరాల్లా గిరగిర తిరుగుతున్నాయి. 1683లో ఈ వింతను లండనులోని రాయల్ సొసైటీకి ఉత్తరం రాసి తెలిపాడు. నోటిలోని బాక్టీరియాను మొట్టమొదట వర్ణించినవాడు ఈయనే.

ఈ ప్రాణులకు తీపి అంటే మహాప్రీతి. అనకాపల్లి బెల్లం, మాడుగుల హల్వా మీకెంత ఇష్టమో వాటికీ అంత ఇష్టం. మనం తిన్న తీపిని అవీ తిని, ఆమ్లం తయారుచేస్తాయి. పంటి పైపొర అయిన పింగాణి మన శరీరం మొత్తంలో అన్నిటికన్నా గట్టి పదార్థం. ఎముకకన్నా గట్టిది. అయినా ఆ ఆమ్లానికి కరుగుతుంది. పాచిని తియ్యకపోతే లాలాజలంలోని లవణాలు దానిలో చేరి, గట్టిపడి గార అవుతుంది. పాచి దారానికి వస్తుంది. గార రాదు, దాన్ని డాక్టరు పనిముట్టుతో తియ్యవలసిందే.

ఇప్పుడు రక్తం సంగతి. అమ్మమ్మగారు ప్రేమకొద్దీ చెప్పారు, అందులో సందేహం లేదు. కాని ఆ రక్తం సాధారణంగా దారం చేసిన గాయం వల్ల వచ్చేది కాదు. సందున పేరుకున్న పాచి వల్ల చిగురు వాచి, ఎర్రబడి ఉంటుంది. వాచిన చిగురును మెత్తగా తాకినా రక్తం వస్తుంది. రోజూ నెమ్మదిగా పాచి తీస్తూ ఉంటే వాపు తగ్గి, ఒకటి రెండు వారాల్లో రక్తం కూడా ఆగుతుంది. అప్పటికీ ఆగకపోతే డాక్టరుకు చూపించాలి. మానేస్తే మాత్రం పాచి పెరుగుతుంది, వాపు పెరుగుతుంది, రక్తమూ పెరుగుతుంది.

పళ్ళసందుల్లో దారం వెయ్యటం క్లిప్పులతో వచ్చిన కొత్త ఫ్యాషను అనుకునేరు! అమెరికాలో పార్మ్‌లీ అనే దంతవైద్యుడు మైనం పూసిన పట్టుదారం వాడమని 1819లోనే పుస్తకం రాశాడు. తరవాత పట్టుకు బదులు నైలాను వచ్చింది. మందుల షాపుల్లో ఫ్లాస్ అని అడిగితే ఇచ్చేది ఇదే. ఇంట్లో ఉన్న కుట్టుదారం మాత్రం వాడకండి. అది చిగురును కోస్తుంది, తెగి సందులో ఉండిపోతుంది. పిన్నీసులు, అగ్గిపుల్లలు అసలే పనికిరావు. తరగతి గదిలో వెనకబల్ల మీద కూర్చుని పిన్నీసుతో పళ్ళు కుట్టుకునే ఘనులను నేను ముప్పయి ఏళ్ళపాటు చూశాను!

వేసే పద్ధతి చెబుతాను. ఒక మూరెడు దారం తీసుకోండి. దాదాపు అంతా ఒక చేతి మధ్యవేలికి చుట్టి, కొసను రెండో చేతి మధ్యవేలికి చుట్టండి. మధ్యన ఒకటి రెండు అంగుళాలు మిగలాలి. ఆ ముక్కను బొటనవేళ్ళతో, చూపుడువేళ్ళతో బిగించి పట్టుకుని, రంపం లాగినట్లు నెమ్మదిగా ఇటూ అటూ కదుపుతూ సందులోకి దింపండి. టక్కున నొక్కకూడదు, నొక్కితే చిగురు మీద పడి గాయం చేస్తుంది.

చాలామంది ఇక్కడే పొరపాటు చేస్తారు. దారాన్ని దింపి, పైకి లాగేసి, అయిందనుకుంటారు. కాదు. అరసున్న మీకు తెలుసు కదా! పాత పుస్తకాల్లో కనపడేది. ఇప్పటి పిల్లలు చూడకపోతే తాతయ్యను అడగండి. దారాన్ని అరసున్నలాగా వంచి ఒక పంటిని కౌగిలించుకునేటట్టు చెయ్యాలి. చిగురు అంచు కిందికి కొద్దిగా పోనిచ్చి, పంటిని రుద్దుతూ పైకీ కిందికీ నాలుగైదుసార్లు కదపాలి. తరవాత అదే సందులో పక్కపంటిని తిరగేసిన అరసున్నతో రుద్దాలి. ఒక సందుకు రెండు గోడలన్నమాట. తరవాతి సందుకు వేలినుంచి కొత్త దారం విప్పుకోండి. అన్నిటికన్నా వెనకనున్న పంటి వీపును మరవకండి. పదేళ్ళలోపు పిల్లలకు వేళ్ళు ఇంకా తిరగవు. అమ్మగాని నాన్నగాని చెయ్యాలి.

ఇక క్లిప్పులవాళ్ళ కష్టం. పంటిపంటికీ ఒక చిన్న బిళ్ళ అతికించి, వాటి గుండా తీగ లాగుతారు. మన ఉక్కు కర్మాగారంలో తయారయ్యే కడ్డీలు, తీగచుట్టలు ఇళ్ళకూ వంతెనలకూ. నోట్లో తీగ వేరే జాతి. తుప్పు పట్టకుండా క్రోమియం కలిపిన స్టెయిన్‌లెస్ ఉక్కుగాని, నికెలు టైటానియం కలిపిన లోహంగాని అయి ఉంటుంది. ఆ తీగ అడ్డుగా ఉన్నందువల్ల దారాన్ని మామూలుగా సందులోకి దించటం కుదరదు. లంగాకు బొందు ఎక్కించటం చూశారా? ముందు పిన్నీసు దూరుతుంది, వెనక బొందు వస్తుంది. ఇక్కడా అంతే. మెత్తని ప్లాస్టిక్ సూది ఒకటి దొరుకుతుంది. దాని కన్నంలో దారం ఎక్కించి, సూదిని తీగకూ పళ్ళకూ మధ్యగా దూర్చి లాగాలి. దారం తీగ వెనక్కి చేరింది కదా, ఇక పైన చెప్పిన అరసున్నల పని. అయిపోయాక ఒక కొస వదిలేసి రెండో కొసను పక్కకు లాగితే దారం వచ్చేస్తుంది. తీగను పట్టి గుంజకూడదు. ఒక కొస బిరుసుగా ఉండి సూది అక్కరలేని దారం కూడా అమ్ముతారు. అలవాటైతే పావుగంట పని త్వరగానే తెములుతుంది.

ఇంత శ్రమ ఎందుకంటే, బిళ్ళ చుట్టూ పాచి నిలిస్తే కొద్ది వారాల్లోనే పంటి పింగాణిలోని సున్నం కరగటం మొదలుపెడుతుంది. రెండేళ్ళు ఓర్చుకుని, తీరా క్లిప్పులు తీసిననాడు అద్దంలో చూసుకుంటే పళ్ళు వరసగానే ఉంటాయి. కాని బిళ్ళ ఉన్నచోటు చుట్టూ సున్నపు మరకల్లాంటి తెల్లమచ్చలు! వాటిలో చాలావరకు పూర్తిగా పోవు.

తల్లిదండ్రులకు ఒక మాట. ఈ దారం వల్ల లాభమున్నదా అని శాస్త్రజ్ఞులే తర్కించుకున్నారు. 2019లో కోక్రేన్ సంస్థవారు అప్పటిదాకా జరిగిన పరీక్షలన్నీ కూడదీసి చూశారు. బ్రష్షుతోపాటు దారం వాడితే చిగుళ్ళవాపు తగ్గవచ్చుననీ, రుజువులు మాత్రం అంత గట్టివి కావనీ, సందుల్లో పట్టే చిన్న బ్రష్షులు దారంకన్నా మెరుగు కావచ్చుననీ తేల్చారు. కాబట్టి సందు వెడల్పుగా ఉన్నవాళ్ళూ, క్లిప్పులవాళ్ళూ ఆ బుల్లి బ్రష్షులను కూడా డాక్టరు సలహాతో వాడవచ్చు. నా మట్టుకు నేను, బిగువుగా ఉన్న సందుకు దారమే అంటాను. అక్కడ ఇంకేదీ దూరదు.

ఉక్కునగరం అమ్మాయి ఉత్తరం చివర ఇంకొకటి అడిగింది: తీగ కొస బుగ్గకు గుచ్చుకుంటున్నదట. డాక్టర్లు ఇచ్చే మైనం శనగగింజంత తీసుకుని, ఉండ చేసి, తీగ కొస ఆరబెట్టి దానిమీద అద్దు. మర్నాడు డాక్టరుకు చూపించు. చెరకు కొరకటం, జీళ్ళు, వేరుశనగ అచ్చు క్లిప్పులు తీసేదాకా వద్దు. నాన్నగారి కటింగ్ ప్లయరు జోలికి మాత్రం పోకు.