తీర్పు చెప్పని పుస్తకాలు

ఒకసారి చదివిన పుస్తకాన్ని మళ్లీ చదవడానికి సాహిత్య చర్చల్లో సాధారణంగా వినిపించే కారణం ఒక్కటే: పాఠకుడికి వయసు పెరుగుతుంది, అనుభవం పెరుగుతుంది, కనుక ఇరవై ఏళ్లప్పుడు ఒకలా తోచిన పుస్తకం యాభై ఏళ్లప్పుడు మరొకలా తోస్తుంది. ఈ మాటలో ఉన్నది సగం నిజమే. మార్పంతా పాఠకుడిలోనే ఉన్నట్లయితే, పెరిగిన అనుభవం ఏ పుస్తకాన్నైనా కొత్తగా చూపించగలగాలి. కాని చిన్ననాడు నిద్ర మానుకుని చదివిన నవలల్లో చాలావాటిని నడివయసులో తెరిస్తే పది పేజీలు సాగవు. కొన్ని మాత్రమే నిలుస్తున్నాయంటే ఆ నిలకడకు కారణాన్ని పుస్తకం కట్టుబడిలోనే వెతకవలసి ఉంటుంది. పాత్రల మంచిచెడ్డల మీద రచయిత తన తీర్పును ఎంతవరకు బిగబట్టుకున్నాడన్నదే ఈ విషయంలో కథాబలం కంటే, భాషాసౌందర్యం కంటే ప్రధానమని తెలుగు వచనంలోని కొన్ని పుస్తకాలను పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది.

తెలిసినదాన్నే తిరిగి ఆస్వాదించడం తెలుగువారికి పాత అలవాటే. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలు ఆడే రాత్రి, రాయబారం పద్యాలు కంఠతా వచ్చిన ప్రేక్షకులే ‘వన్స్ మోర్’ అని కేకలు వేసి నటుడి చేత అదే పద్యం మళ్లీ పాడించుకునేవారు. పారాయణం, అంటే ఒక గ్రంథాన్ని నియమం ప్రకారం భక్తితో పదేపదే చదవడం, ఇంతకంటే పాతది. అయితే పారాయణంలో అర్థం ముందే స్థిరపడి ఉంటుంది, అది మారకపోవడమే దాని బలం. పునఃపఠనం అనదగినది వేరు. అందులో పాఠకుడు కిందటిసారి తాను నిశ్చయించుకున్నదాన్ని తానే తిరగదోడుకుంటాడు. అభినవగుప్తుడు సహృదయుణ్ణి, అంటే కావ్యాన్ని ఆస్వాదించే అర్హత కలవాణ్ణి నిర్వచిస్తూ, కావ్యపరిశీలనను అభ్యాసం చేసుకోవడం వల్ల మనసనే అద్దం తేటపడినవాడని అన్నాడు. చదువు ఒక్కసారితో ముగియదన్న ఎరుక ఆ నిర్వచనంలోనే ఇమిడి ఉంది.

ఈ చర్చకు గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’ కంటే మంచి ఉదాహరణ దొరకదు. 1892లో విజయనగరంలో ప్రదర్శితమై 1897లో అచ్చయిన ఈ నాటకానికి తక్షణ ప్రయోజనం సంస్కరణ. ఆడపిల్ల తండ్రి వరుడి వద్ద సొమ్ము పుచ్చుకుని పెళ్లి చేసే ఆచారం ఆనాటి విశాఖపట్నం జిల్లాలో ఎంత బలంగా ఉండేదో తొలి కూర్పుకు గురజాడ ఇంగ్లీషులో రాసుకున్న పీఠికే చెబుతుంది: మూడేళ్ల కాలంలో లెక్కకు వచ్చిన అటువంటి పెళ్లిళ్లు 1,034, ఆ పెళ్లికూతుళ్లలో ఏడాది వయసు పసికందులు ముగ్గురు. ఆ ఆచారం పోయి ఎన్నో దశాబ్దాలైంది, డబ్బు ఇప్పుడు ఎదురు దిక్కున కట్నంగా ప్రవహిస్తోంది. ఒక దురాచారాన్ని ఖండించడమే నాటకం పని అయి ఉంటే దానితోపాటే గ్రంథాలయాల అరల్లో సద్దుమణిగి ఉండవలసింది. అలా జరగకపోవడానికి మొదటి కారణం, గురజాడే తన నాటకానికి తొలి పునఃపాఠకుడు కావడం. 1909లో వెలువడిన రెండవ కూర్పులో అయిదు అంకాలు ఏడయ్యాయి, వేశ్య మధురవాణి పాత్ర బాగా విస్తరించింది, ఖండన కోసం మొదలైన రచన మనుషుల కోసం సాగింది. పన్నెండేళ్లలో రచయిత తన తొలి నిశ్చయాలను ఎక్కడెక్కడ సడలించుకున్నాడో రెండు కూర్పులనూ వరసగా చదివినవారికి కనిపిస్తుంది. ఈ పని విశ్వవిద్యాలయ పరిశోధకులకే వదిలేయవలసినది కాదు, నాటకం ఇష్టమైన ప్రతి పాఠకుడూ ఒకసారైనా చేయదగినది.

కన్యాశుల్కాన్ని మొదటిసారి చదివినప్పుడు గిరీశం పాఠకుణ్ణి తన వెంట లాక్కుపోతాడు. శిష్యుడు వెంకటేశానికి అతను చెప్పే పాఠాలు, ఆ కుర్రవాడి తండ్రి అగ్నిహోత్రావధాన్ల మీద అతని ఇంగ్లీషు ప్రయోగాలు, ఎక్కడ దొరికిపోయినా తప్పించుకుపోయే ఆ నోటి నేర్పు, వీటికి నవ్వుకోవడంతోనే తొలి పఠనం ముగుస్తుంది. మరోసారి చదివేటప్పుడు హాస్యం ఎక్కడికీ పోదు గాని, ఆ నవ్వు ఎవరి ఖర్చు మీద సాగుతోందో తెలిసిపోతుంది. గిరీశం విధవా వివాహం మీద ఉపన్యాసాలు దంచే ఇంట్లోనే అగ్నిహోత్రావధాన్ల కూతురు, బాలవితంతువు బుచ్చమ్మ ఉంది. ఆమెను అతను లేవదీసుకుపోయాక, వకీలు సౌజన్యారావు పంతులు జోక్యం చేసుకుని పూనాలోని విధవల హోముకు పంపాలని నిర్ణయించేవరకు, నీ ఇష్టమేమిటని ఆమెను నిలిపి అడిగినవారు లేరు. అమ్మినవాడు తండ్రి, మోసగించినవాడు గిరీశం, ఉద్ధరించేవాడు వకీలు. ఉద్ధరణ కూడా ఆమె చేతుల్లో లేని మరొక ఏర్పాటుగానే వస్తుంది. ఈ విషయాన్ని గురజాడ ఒక్క పాత్ర చేత కూడా చెప్పించలేదు, వరుసలో పెట్టి వదిలేశాడు.

సౌజన్యారావు విషయంలో ఈ నిగ్రహం మరింత లోతైనది. నాటకంలో నిస్సందేహంగా మంచివాడు అతనొక్కడే, వేశ్యల ముఖం చూడకూడదన్న నియమం పెట్టుకున్నవాడు. పెళ్లికూతుర్ని చంపాడన్న నేరం మీద పడ్డ ముసలి వరుడు లుబ్ధావధాన్లను ఆ చిక్కు నుంచి తప్పించగల నిజం మధురవాణి దగ్గర ఉంది. పెళ్లికూతురుగా వచ్చింది ఆడవేషం కట్టిన కుర్రాడన్నది ఆ నిజం. ఆమె మగవేషంలో సౌజన్యారావు ఇంటికి వచ్చి, మాటల్లో అతణ్ణి ఇరకాటంలో పెట్టి, చివరికి అతని నియమం భంగం కాకుండా తానే కాపాడుతుంది. తొలిసారి చదివేవారికి ఇది మధురవాణి చమత్కారానికి పరాకాష్ఠ. తర్వాతి పఠనాల్లో ప్రశ్న వకీలు మీదికి మళ్లుతుంది. ఎదుటి మనిషిని చూడటానికే అడ్డుపడే సుగుణం సుగుణమేనా, లేక ఆ రోజుల్లో అంతకంటే గొప్ప మంచితనం సాధ్యం కాదా? నాటకం ఎటూ మొగ్గు చూపకుండా ముగుస్తుంది. సంస్కరణోద్యమాన్ని సమర్థించిన రచయితే సంస్కర్తను ఇలా నిలబెట్టడం ఆ కాలానికి సామాన్యమైన ధైర్యం కాదు.

బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’లో తీర్పును ఇలా బిగబట్టుకోవడమే నవల అంతటినీ నడుపుతుంది. మొదటి పఠనంలో పాఠకుడు కథానాయకుడు దయానిధి వెంట కోమలి వైపు, అమృతం వైపు, ఆపైన రాయలసీమ వజ్రాల వైపు నడుస్తూ, ఇది ప్రేమకు అర్హత సంపాదించుకోలేని ఒక విద్యావంతుడి కథ అనుకుంటాడు. నవల మొదట్లోనే కనుమరుగైపోయే దయానిధి తల్లి తర్వాతి ప్రతి ఘట్టాన్ని ఎలా శాసిస్తోందో తెలియడానికి రెండో పఠనం కావాలి. ఆమె ప్రవర్తన మీద లోకం వేసిన నింద కొడుకును ఊరూరా వెంటాడుతుంది, అతని పెళ్లిని, పరువును కూడా తాకుతుంది; కాని ఆమె చేసిందేమిటో బుచ్చిబాబు విప్పి చెప్పడు. చెప్పి ఉంటే పాఠకుడు ఆమెను క్షమించేవాడో నిందించేవాడో, అక్కడితో ఆ విచారణ ముగిసేది. ఇక్కడ పాఠకుడు కూడా దయానిధిలాగే ఆధారాల్లేని వదంతితో బతకవలసి వస్తుంది.

డాక్టర్ పి. శ్రీదేవి ‘కాలాతీత వ్యక్తులు’ చదివినవారి అభిప్రాయాల్లో ఇందిర మీద వచ్చినంత మార్పు తెలుగు నవలల్లో మరే స్త్రీ పాత్ర మీదా రాలేదనడం అతిశయోక్తి కాదు. తొలి పఠనంలో కల్యాణి సౌమ్యత పక్కన ఇందిర స్వార్థపరురాలిగా, మగవాళ్లను ఆడించే మనిషిగా కనిపిస్తుంది. ఉద్యోగం చేసి బాధ్యతలేని తండ్రిని పోషిస్తున్నది ఆమే అనీ, వైద్యవిద్యార్థి ప్రకాశం మెతకతనానికి అసలు పేరు పిరికితనమనీ, బతుకులో తనకు దక్కవలసినదాన్ని తానే తీసుకోకపోతే ఎవరూ ఇవ్వరన్న లెక్క ఆమెకు అవసరమే నేర్పిందనీ నవలలో మొదటి నుంచీ ఉంది, కాని ఎక్కడా గీత గీసి చూపలేదు. ఇందిరను మెచ్చుకొమ్మని గాని, అసహ్యించుకొమ్మని గాని రచయిత్రి సూచించదు. 1961లో చిన్న వయసులోనే మరణించిన శ్రీదేవి పేరు ఈ ఒక్క నవలతో నిలిచింది. 1963లో వచ్చిన ‘చదువుకున్న అమ్మాయిలు’ సినిమాకు ఆధారం ఇదే అయినా, నవలలోని ఇందిర కోసం నవల దగ్గరికే వెళ్లాలి.

ఈ వాదానికి అడ్డు నిలిచే పుస్తకం ఒకటుంది, అది విశ్వనాథ సత్యనారాయణ ‘వేయిపడగలు’. పాశ్చాత్య విద్య మీద, వివాహం మీద, పాలన మీద, కళల మీద తీర్పు చెప్పకుండా విశ్వనాథ పట్టుమని పది పేజీలు నడవడు; అయినా దాన్ని ఏళ్ల తరబడి తిరిగి చదివేవారు ఉన్నారు, వారిలో ఆయన అభిప్రాయాలతో ఏకీభవించనివారూ ఉన్నారు. వారు తిరిగి వెళ్లేది కథానాయకుడు ధర్మారావు వాదాల కోసం కాదనే చెప్పాలి. పాముకూ మనిషికీ మధ్య ఎక్కడా ఇమడని పసిరిక, వేణుగోపాలస్వామికే తనను అర్పించుకున్న గిరిక, కూలిపోతున్న సుబ్బన్నపేట కోట, వీటి దగ్గర మాత్రం వ్యాఖ్యాత గొంతు వెనక్కి తగ్గి, రచయితకే పూర్తిగా అంతుపట్టనిదేదో ముందుకు వస్తుంది. పునఃపాఠకులు ఉపన్యాసాలను దాటవేసి ఈ చోట్ల ఆగుతారు. కనుక వేయిపడగలు ఈ సూత్రాన్ని కొంతవరకే కాదంటుంది, పూర్తిగా కొట్టివేయదు.

ఊరట కోసం చదివే పునఃపఠనం మరొకటి ఉంది. పత్రికల సీరియల్ పేజీలు చించి, దారంతో కుట్టించి, బైండు చేయించి దాచుకున్న తరానికి యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’ అటువంటి పుస్తకం. నాయికానాయకులు జయంతి, రాజశేఖరం చివరకు ఏమవుతారో తెలిసి ఉండటమే అక్కడి సుఖం. దాన్ని తక్కువ చేయనక్కరలేదు, అది పారాయణానికి దగ్గరి బంధువు. ఊరట కోసం చేసే ఆ చదువునూ, పాత నిశ్చయాన్ని తిరగదోడే పునఃపఠనాన్నీ ఒకే గాటన కట్టడమే పొరపాటు.

తీర్పు చెప్పని పుస్తకాలకు ఎక్కువ హాని చేస్తున్నది పరీక్ష. కన్యాశుల్కాన్ని చాలామంది విద్యార్థులు కలుసుకునేది ఏదో ఒక దృశ్యంగా, దాని కింద ‘గిరీశం పాత్ర చిత్రణ గురించి రాయుము’ అన్న ప్రశ్నగా. ఆ ప్రశ్నకు గైడులో సిద్ధంగా ఉన్న జవాబు గిరీశం మోసగాడనీ, సౌజన్యారావు ఆదర్శమూర్తి అనీ, మధురవాణి ఉదాత్తురాలనీ మొదటి పఠనం కూడా జరగకముందే తేల్చిపారేస్తుంది. అధ్యాపకులు ఆ ప్రశ్నను మార్చి, సౌజన్యారావు చేసినదాంట్లో బుచ్చమ్మకు ఒరిగినదెంత అని అడిగితే, గైడు రాసేవారు సైతం నాటకాన్ని ఏడో అంకం దాకా చదవవలసి వస్తుంది.