లాభం లెక్కలో రాయని ఖర్చు

పేపర్లో వ్యాపారం పేజీ రాగానే మనలో చాలామందిమి తిప్పేస్తాం. షేర్లు, లాభాలు మనకెందుకులే అనుకుంటాం. ఇంటరుతో చదువాపిన నాకూ ఆ భాష అంతంతమాత్రమే. కానీ ఫ్యాక్టరీ మురుగు ఊరి చెరువులో కలిస్తే, మంచినీళ్ళ కోసం బిందె పట్టుకుని దూరం నడిచేదెవరండీ? ఆడవాళ్ళే కదా! ఆ నడక ఏ కంపెనీ ఖర్చుల పద్దులోనూ ఉండదు.

ఆ రాయని ఖర్చు గురించే జీవితమంతా రాసిన విలేకరి ఒకాయన ఉండేవారు. పేరు అనిల్ అగర్వాల్. అదే పేరుగల గనుల వ్యాపారి అనుకునేరు, ఆయన వేరు! ఈయన కాన్పూరులో పుట్టి, 1970లో అక్కడి ఐఐటిలో మెకానికల్ ఇంజనీరింగ్ పూర్తిచేశారు. యంత్రాలు వదిలి కలం పట్టారు. హిందుస్తాన్ టైమ్స్‌లో సైన్సు విలేకరిగా ఉంటూ, 1974లో చిప్కో ఉద్యమం గురించి రాశారు. హిమాలయాల్లోని రేణి గ్రామంలో గౌరాదేవి, తోటి ఆడవాళ్ళు చెట్లు నరకనివ్వకుండా అడ్డం నిలబడ్డ ఏడాదే అది. వంటచెరకు, పశువుల మేత, నీళ్ళు అడవి నుంచే తెచ్చుకునేవాళ్ళకి చెట్టు పోతే పొయ్యి వెలగదు. పర్యావరణం అంటే ఉన్నవాళ్ళ సరదా కాదు, లేనివాళ్ళ బతుకు అన్నదే ఆయన రాతల సారం.

1980లో ఢిల్లీలో సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ అనే సంస్థ పెట్టారు. 1992లో 'డౌన్ టు ఎర్త్' పత్రిక మొదలైంది. ఆ సంస్థ చేసిన ఒక పని నాకు భలే నచ్చింది. పిల్లలకి ప్రోగ్రెస్ కార్డు ఇచ్చినట్టు కంపెనీలకి మార్కులు వేశారు. నీళ్ళెన్ని వాడారు, మురికి ఎంత వదిలారు అని లెక్కగట్టి, ఆకుల గుర్తులిచ్చారు. 1999లో మొదట కాగితం మిల్లుల వంతు. అయిదాకులు ఒక్కదానికీ రాలేదు!

క్యాన్సర్‌తో పోరాడుతూనే రాసి, 2002 జనవరిలో 54 ఏళ్ళకే ఆయన కన్నుమూశారు. పని మాత్రం ఆగలేదు. ఆయన దగ్గరే పనిచేసిన సునీతా నారాయణ్ ఆ బాధ్యత ఎత్తుకున్నారు. 2003లో కూల్‌డ్రింకుల్లో పురుగుమందుల అవశేషాలున్నాయని బయటపెట్టింది ఆ సంస్థే. కంపెనీలు కాదన్నా, 2004లో పార్లమెంటు సంఘం ఆ పరీక్షలు సరైనవేనంది. పిల్లలకి మనం గ్లాసుల్లో పోసిచ్చేదాని సంగతి కదా అది!

అందుకే, ఈసారి ఏ కొత్త ఫ్యాక్టరీ గురించి చదివినా, ఎంత లాభం అన్న దగ్గరే ఆగకండి. నీళ్ళెక్కణ్ణుంచి తెస్తున్నారు, మురుగెక్కడికి వదులుతున్నారు అని కూడా చూడండి. రాయకపోతే ఆ పత్రికకి ఒక ఉత్తరం ముక్క రాసి అడగండి. అడిగేవాళ్ళుంటేనే కదా, రాసేవాళ్ళు పుట్టేది!