ఉద్యోగం కోసం కాని పరుగు

ఆదోనిలోనైనా ఎమ్మిగనూరులోనైనా తెల్లవారుజామున కాలేజీ గ్రౌండుకు వెళ్తే పరుగెత్తే కుర్రాళ్లు కనిపిస్తారు. ఎందుకని అడిగితే ‘ఈవెంట్స్‌కి ప్రాక్టీస్’ అంటారు. కానిస్టేబుల్ పరీక్షలో మగపిల్లలు 1600 మీటర్లను 8 నిమిషాల్లో, ఆడపిల్లలు పదిన్నర నిమిషాల్లో ముగించాలి. ఆ పరుగు వెనక ఒక కుటుంబం ఆశ ఉంటుంది, అది గౌరవించదగ్గది. అయితే ఉద్యోగం వచ్చినా, వయసు దాటినా ఆ పరుగు అక్కడితో ఆగిపోతుంది. నలభై ఏళ్ల టీచరమ్మ, పత్తి మండీలో గుమాస్తా, రోజంతా మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చునే నేతన్న పరుగెత్తడానికి మన ఊళ్లలో చోటూ లేదు, సందర్భమూ లేదు.

2కె రన్‌లు జరుగుతాయి కదా అనవచ్చు. అక్టోబరు 31న పటేల్ జయంతికి ఐక్యతా పరుగు ఉంటుంది. జెండా ఊపుతారు, విద్యార్థులు పరుగెత్తుతారు, మర్నాడు పేపర్లో ఫొటో వస్తుంది. మంచిదే. కాని ఎవరు ఎంతసేపట్లో చేరారో ఎవరూ రాసుకోరు, వచ్చే వారం మళ్లీ రమ్మని ఎవరూ పిలవరు. ఏడాదికొక రోజు పరుగెత్తితే ఒంటికి అలవాటు కాదు.

ఈ విషయంలో లండన్ నుంచి నేర్చుకోదగ్గది ఒకటుంది. 2004 అక్టోబరు 2న టెడింగ్టన్ దగ్గరి బుషీ పార్కులో పాల్ సింటన్-హెవిట్ అనే ఆయన 5 కిలోమీటర్ల పరుగు పెట్టారు. గాయం వల్ల అప్పట్లో ఆయన పరుగెత్తలేని స్థితిలో ఉన్నారు. స్నేహితులను వారం వారం కలుసుకోవచ్చని ఈ పని తలపెట్టారు. మొదటి రోజు పరుగెత్తింది 13 మంది. చేరిన వరుస గుర్తుకు హార్డ్‌వేర్ కొట్లో కొన్న ఇనుప వాషర్ల మీద అంకెలు కొట్టి ఇచ్చేవారు. ఆ చిన్న పరుగే ఇవాళ ‘పార్క్‌రన్’ పేరుతో ఇరవైకి పైగా దేశాల్లో సాగుతోంది.

అది నిలబడింది డబ్బుతో కాదు, కొన్ని నియమాలతో. ప్రతి శనివారం అదే చోట, అదే వేళకు మొదలవుతుంది. దూరం మారదు. ప్రవేశ రుసుము లేదు. అందరి సమయమూ నమోదవుతుంది, కాబట్టి ఎవరి పోటీ వాళ్ల పోయిన వారం సమయంతోనే. అన్నిటికన్నా గొప్ప నియమం చివరిది. అందరికన్నా వెనక ఒక వాలంటీరు నడుస్తారు, పరుగుకొచ్చిన వాళ్లెవరూ ఆఖరివాళ్లు కాకుండా. బ్రిటన్‌లో తొలి ఏళ్లలో 22, 23 నిమిషాలున్న సగటు సమయం ఇప్పుడు 30 దాటింది. నిర్వాహకులు దీన్ని విజయంగా చెప్పుకుంటారు. నెమ్మదిగా పరుగెత్తేవాళ్లు, నడిచేవాళ్లు ఎక్కువగా వస్తున్నారన్న మాట. 2018 నుంచి అక్కడి డాక్టర్ల సంఘమూ పార్క్‌రన్‌తో చేతులు కలిపింది, రోగులకు ఈ పరుగును సూచించడానికి.

మన హైదరాబాద్‌లోనూ ఏటా మారథాన్‌తో పాటు 10కె పరుగు జరుగుతుంది. వేలమంది వస్తారు. కాని దానికి ఫీజులు, స్పాన్సర్లు, ట్రాఫిక్ మళ్లింపులు కావాలి. ఆదోని లాంటి ఊరికి ఆ దారి బరువు. బుషీ పార్కు దారి తేలిక.

అలాగని దాన్ని ఉన్నదున్నట్టు తెచ్చుకోలేం. అక్కడ వెయ్యి ఎకరాల పార్కు ఉంది, మనకు లేదు. ఆదోని–ఎమ్మిగనూరు రోడ్డు మీద పత్తి లారీల మధ్య పరుగు పెట్టకూడదు. కాలేజీ గ్రౌండే మేలు. 400 మీటర్ల ట్రాకైతే పన్నెండున్నర చుట్లకు 5 కిలోమీటర్లు. కుక్కల బెడద తక్కువ, ఆడవాళ్లు నలుగురి కళ్ల ముందే ఉంటారు. ఎండాకాలంలో మన దగ్గర 40 డిగ్రీలు దాటుతుంది కనుక నవంబరులో మొదలుపెట్టి చలి నెలల్లో అలవాటు చేసుకోవాలి, వేసవిలో తెల్లవారుజామున ఐదింటికే పరుగు మొదలుపెట్టాలి. సుగ్గికి (కూలి పనుల వలసకు) గుంటూరు వైపు పోయిన కుటుంబాలు తిరిగొచ్చాక వాళ్ల పిల్లలూ చేరేలా తలుపు తెరిచే ఉంచాలి.

వాలంటీర్లు ఎక్కడ దొరుకుతారని సందేహం వద్దు. ఉగాది ముందు కన్నడ భక్తులు శ్రీశైలానికి కాలినడకన మన ఊళ్ల మీదుగా వెళ్తుంటే దారి పొడవునా మజ్జిగ, అన్నం పెట్టేది మనవాళ్లే. మనకు శనివారం కన్నా సెలవు రోజైన ఆదివారమే వీలు. అడగకుండానే సేవ చేసే జనానికి ఆ పొద్దున ఒక గంట స్టాప్‌వాచ్ పట్టుకోవడం భారం కాదు. ఈవెంట్స్‌కి ప్రాక్టీస్ చేసే కుర్రాళ్లే పెద్దవాళ్లకు జోడుగా పరుగెత్తవచ్చు. ముగిశాక అందరూ కలిసి ఉగ్గాని బజ్జీ తినవచ్చు.

కొత్తగా వచ్చేవాళ్లకు ఒకటే సలహా: పక్కవాళ్లతో మాట్లాడగలిగినంత వేగంలోనే పరుగెత్తండి, ఆయాసం వస్తే నడవండి. గుండె జబ్బు, షుగరు ఉంటే ముందు డాక్టరును అడగండి.

ఒక పీఈటీ మాస్టారు, ఒక మాజీ సైనికుడు, ఒక డాక్టరు కలిస్తే వచ్చే నవంబరులోనే ఇది మొదలవుతుంది. కావలసింది ఒక గ్రౌండు, ఒక గడియారం, ఒక నోటుపుస్తకం. మొదటి ఆదివారం పదమూడు మందే వచ్చినా నిరుత్సాహపడకండి. రెండో ఆదివారం మాత్రం మానకండి.