మూడేళ్ళ పల్లె సేవ, ఎవరి పల్లెకి?

డాక్టర్ల వలస మాట ఎత్తగానే మన సభల్లో వినిపించే జవాబు ఒక్కటే: ఎక్కడ బతకాలో ఎంచుకోవడం మనిషి హక్కు. ఒప్పుకుంటాను. పాస్‌పోర్టు లాక్కుని ఎవరినీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కూర్చోబెట్టమని నేను అనను. కాని హక్కు ఉన్నంత మాత్రాన బాకీ తీరిపోదు.

జె-1 వీసా సంగతే చూడండి. ఆ వీసా మీద అమెరికాలో రెసిడెన్సీకి వచ్చే డాక్టరుకి మన కేంద్ర ఆరోగ్య శాఖ ఒక పత్రం ఇవ్వాలి. ఈ స్పెషాలిటీ మా దేశానికి అవసరం, శిక్షణ ముగిశాక తిరిగి వస్తానని ఈ డాక్టరు రాసిచ్చాడు అని అందులో ఉంటుంది. శిక్షణ తర్వాత రెండేళ్ళు స్వదేశంలో ఉండి తీరాలన్నది అమెరికా చట్టమే. 1994లో వాళ్ళే ఆ చట్టంలో ఒక పక్క తలుపు తెరిచారు. డాక్టర్లు దొరకని చోట మూడేళ్ళు పనిచేస్తే వెనక్కి వెళ్ళక్కర్లేదు. మొదట రాష్ట్రానికి ఏటా 20 మంది, 2002 నుంచి 30 మంది.

మా తమ్ముడు ప్రభుత్వ సీటులో ఎం.బి.బి.ఎస్. చదివి ఈ దారిలోనే వచ్చాడు. చుట్టుపక్కల ఇంకో పిల్లల డాక్టరు లేని ఊళ్ళో, ఆ మంచులో మూడేళ్ళు చేశాడు. బాగా చేశాడు కూడా, ఆ ఊరివాళ్ళు ఇప్పటికీ ఫోన్లు చేస్తారు. నాకు గర్వమే. మరి 2014లో తెలంగాణలో ఏడాదిపాటు తప్పనిసరి సేవ వద్దని జూనియర్ డాక్టర్లు సమ్మె చేశారు. వీసా అడిగితే మూడేళ్ళు సేవ అవుతుంది, చదివించిన ప్రభుత్వం అడిగితే ఒక్క ఏడాది వెట్టిచాకిరీ ఎలా అవుతుంది?

ఇక్కడి పల్లెలో జీతం, ల్యాబు ఉంటాయి, అక్కడ ఉండవు అంటారు. నిజమే, ఆ తప్పు మన ప్రభుత్వాలదే. కాని లాభం ఎవరికి పోతోందో కూడా చూడాలి. తయారైన డాక్టరు ఖర్చు లేకుండా దొరుకుతుంటే అమెరికా ఎందుకు వద్దంటుంది? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో నియమావళి చేసింది గాని, పాటించకపోతే అడిగేవాడు లేడు.

పూర్వ విద్యార్థులు మన ఆస్పత్రులకు భవనాలు కట్టించారు, కాదనను. ఆ భవనంలో మత్తు డాక్టరు లేకపోతే ఆపరేషను జరగదు. ప్రభుత్వ సీటులో చదివినవారు ఏడాదికి ఒక నెల జిల్లా ఆస్పత్రికి వెళ్ళి పనిచేయడం, జూనియర్లకు నేర్పడం మొదలుపెట్టవచ్చు. రిజిస్ట్రేషను చిక్కులుంటే రెండు తెలుగు ప్రభుత్వాలనూ, ఢిల్లీనీ నిలదీయడానికి మన సంఘాలున్నాయి. వచ్చే మహాసభల్లో పట్టుచీరల స్టాళ్ళకూ సినిమావాళ్ళ సన్మానాలకూ మధ్య ఈ ఒక్క విషయానికి గంట సమయం ఇవ్వమని నిర్వాహకులను అడుగుతున్నాను.