అందరికీ కొన్నాం, అత్తయ్యకి తప్ప

వైజాగ్ బయల్దేరే ముందు మా ఆయన ఫోన్‌లో ఓ పట్టిక తయారుచేశారు. నాలుగు రోజులు, పదకొండు చోట్లు. ఏ పూట ఎక్కడ, టిఫిన్ ఎక్కడ, అన్నీ గడుల్లో రాసేశారు. అది చూసి పిల్లలు చప్పట్లు కొట్టారు. అత్తయ్య మాత్రం కళ్లజోడు సర్దుకుని, ‘‘మధ్యలో కూర్చోవడానికి గడి లేదేంరా?’’ అన్నారు. అందరం నవ్వేశాం.

మొదటిరోజే పట్టిక తుస్సుమంది. గోదావరి ఎక్స్‌ప్రెస్ దిగి, స్నానాలు కానిచ్చి, ఆర్కే బీచ్‌లో ఉన్న కురుసుర జలాంతర్గామి చూడ్డానికి ఉరికాం. నౌకాదళంలో 1969 నుంచి 2001 దాకా పనిచేసి, ఇప్పుడు ఒడ్డున మ్యూజియంగా ఉన్న సబ్‌మెరైన్ అది. తలుపులు మూసున్నాయి. సోమవారం సెలవట! ఎవర్నీ అనడానికి లేదు, చూసుకోవాల్సింది మేమే. మీరు వెళ్లేటప్పుడు మాత్రం ముందు వారం చూసుకోండి, తర్వాత టైము చూసుకోండి.

ఆ నిరాశ తీరడానికా అన్నట్టు బీచ్ రోడ్డు మీద కొనుగోళ్ల మీద పడ్డాం. గవ్వల కీచెయిన్లు, పేరు రాయించిన శంఖాలు, గవ్వలు అంటించిన అద్దం. ఆఫీసు వాళ్లకి, పక్కింటి వాళ్లకి, వాచ్‌మన్ పిల్లలకి... మొత్తం పద్నాలుగు మంది. అప్పుడు నాకు తెలియదు కానీ, కొన్ని రకాల గవ్వల్ని వన్యప్రాణి చట్టం కింద అమ్మడం, కొనడం రెండూ తప్పేనట. పెద్ద పెద్ద గవ్వలు మోజుపడి కొనేముందు ఆ సంగతి గుర్తుపెట్టుకోండి.

రెండోరోజు అరకు. పొద్దున్నే కిరండూల్ రైలెక్కి వెళ్లి, తిరుగు ప్రయాణం బొర్రా గుహల మీదుగా కారులో. రైల్లో సొరంగం వచ్చినప్పుడల్లా మా చిన్నాడు అరిచిన అరుపులకి టికెట్ డబ్బులు అక్కడికక్కడే గిట్టుబాటయ్యాయి. బొర్రా దగ్గర కారు దిగాక మెట్లు చూసి అత్తయ్య ఆగిపోయారు. ‘‘మీరెళ్లి రండి, నేను సామాన్లు చూస్తుంటా’’ అన్నారు. మేం గంటన్నర లోపలే తిరిగాం. వచ్చేసరికి ఆవిడ అన్ని సంచులూ ఒళ్లో పెట్టుకుని, కాల్చిన మొక్కజొన్న పొత్తు చల్లారిపోతుంటే మా కోసం దాచి కూర్చున్నారు. ఆ పొత్తు నాకు గొంతు దిగలేదు.

ఆ రాత్రి బహుమతుల సంచి విప్పి లెక్క చూసుకున్నా. పద్నాలుగు మందిలో అత్తయ్య లేరు. మనతోనే వచ్చారు కదా, ఇంక ఆవిడకేంటి అనుకున్నాం కాబోలు.

పొద్దున్నే పట్టిక పక్కన పెట్టించి, ‘‘ఇవాళ మీరు చెప్పండి అత్తయ్యా, ఎక్కడికి?’’ అన్నా. ఆవిడ మొహమాటపడి, మొహమాటపడి, ‘‘ఏటికొప్పాక’’ అన్నారు. వైజాగ్ నుంచి 60 కిలోమీటర్ల పైచిలుకు, అత్తయ్య పుట్టిల్లు తునికి వెళ్లే దారిలోనే, హైవే దిగి కాస్త లోపలికి.

అంకుడు కర్రని తిప్పుతూ బొమ్మ చెక్కుతారక్కడ. తిరుగుతున్న కర్రకి రంగు లక్క ఆనిస్తే ఆ రాపిడి వేడికే కరిగి అంటుకుంటుంది. రంగులు చెట్ల గింజలు, బెరడు, వేళ్లు, ఆకుల నుంచి తీసినవి. 2017లో ఈ బొమ్మలకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కురుసుర లోపలికి వెళ్లలేదన్న బెంగ పిల్లలు అక్కడే మర్చిపోయారు.

అత్తయ్య లక్కపిడతల సెట్టు తీసుకున్నారు. బుల్లి పొయ్యి, బుల్లి గిన్నెలు, తిరగలి. ‘‘పెద్దదానికా అత్తయ్యా?’’ అన్నా.

‘‘దానికెందుకమ్మా, ఫోనుందిగా. నాకే’’ అన్నారు. కారెక్కాక మెల్లిగా చెప్పారు. ‘‘లోవ తలుపులమ్మ తీర్థంలో అడిగితే మా నాన్న పై ఏడు కొంటాననేవాడు. ఏటా అదే మాట. ఈలోగా నాకు ఓణీ వేశారు. ఓణీ వేశాక లక్కపిడతలడిగితే నవ్వరూ?’’

మా ఆయన అద్దంలోంచి వెనక్కి చూసి, మళ్లీ రోడ్డు మీదకి చూపు తిప్పేసుకున్నారు.

అందుకే ఇప్పుడు మా ఇంట్లో ప్రయాణం అంటే రోజుకి ఒక్క చోటే. కొండలెక్కిన మర్నాడు ఒడ్డున కూర్చోవడమే. కొనాల్సిన వాళ్ల జాబితా రాసేముందు, మనతో వచ్చేవాళ్ల పేర్లు ముందు రాస్తాం. మీరూ రాసి చూడండి.

గవ్వల కీచెయిన్లలో ఆరు ఇంకా మా సొరుగులోనే ఉన్నాయి. లక్కపిడతలు అత్తయ్య మంచం పక్కన బల్ల మీదున్నాయి. చిన్నాడు అడిగితే ఆడుకోనిస్తారు. అయిపోగానే లెక్కపెట్టి మరీ వెనక్కి తీసుకుంటారు.