నక్షత్రం దింపించిన వారితో



గత డిసెంబరులో మన సంఘములోని ఒక పెద్దావిడ తన ఇంటి ముందు కట్టిన నక్షత్రాన్ని తానే దింపేశారు. సీరియల్ లైట్లు కూడా చుట్టచుట్టి అటక మీద పెట్టేశారు. ఎందుకమ్మా అని అడిగితే ఫోనులో వచ్చిన ఒక సందేశం చూపించారు. నక్షత్రాలు, రంగు దీపాలు అన్యుల ఆచారమట. కట్టినవారే కాదు, వీధులు తిరిగి చూసి సంతోషించినవారు కూడా లోకస్థులేనట. "నానేటి తప్పు సేసినాను అయ్యగారూ?" అని ఆవిడ అడిగారు. సంఘములో తగవు ఎందుకులే అని మేము ఊరుకున్నాము. అప్పుడే చెప్పవలసిన మాటలను ఏడాది ఆలస్యంగా ఇప్పుడు రాస్తున్నాము.

ఆ నక్షత్రం సంగతి తెలియనివారికి చెబుతాము. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానం వారికి వేరే చెప్పనక్కరలేదు. ఏళ్ల తరబడి బిడ్డల్లా పెంచిన కొబ్బరి, జీడి చెట్లు ఒక్క పూటలో నేలకూలాయి. కరెంటు స్తంభాలు విరిగి ఊళ్లకు ఊళ్లు రోజుల కొద్దీ చీకట్లో ఉన్నాయి. ఆవిడ తోట పోయింది. కొడుకు పని వెతుక్కుంటూ చెన్నై వెళ్లిపోయాడు. ఆ డిసెంబరులో ఆవిడ పెరట్లో నిలిచిన ఒకే ఒక్క కొబ్బరి చెట్టుకు కాగితం నక్షత్రం కట్టి లోపల బల్బు పెట్టారు. మన పిల్లలూ, మందిరానికి రానివారి పిల్లలూ దాని కింద చేరి ఆడుకున్నారు. అప్పటి నుండి ఏటా కడుతూనే ఉన్నారు. ఎదురింటి తాతగారు క్రైస్తవుడు కాడు, కానీ ప్లగ్గు వదులైతే వచ్చి సరిచేసేది ఆయనే. నిరుడు ఆయన "ఏటమ్మా, ఈ ఏడు మీకు పండగ లేదేటి?" అని అడిగారట. ఆవిడ దగ్గర జవాబు లేదు.

దింపించిన వారు చూపే వాక్యము యిర్మీయా 10వ అధ్యాయము, 3, 4 వచనములు. అడవిలో నరికిన చెట్టు, వెండి బంగారాల అలంకారం, కదలకుండా మేకులు. ఇదిగో క్రిస్మస్ చెట్టు అంటారు. అయ్యా, 5వ వచనము కూడా చదవండి. అది మాట్లాడలేదు, నడవలేదు, ఎవరో ఒకరు మోయాలి, దానికి భయపడవద్దు అంటున్నాడు ప్రవక్త. ఆయన మాట్లాడుతున్నది చెక్కి నిలబెట్టి మొక్కే విగ్రహం గురించి. మన వీధిలో కాగితం నక్షత్రానికి ఎవరు మొక్కుతున్నారు? పిల్లలు దాన్ని చూసి నోరు తెరిచి నవ్వుతారు, అంతే.

ఇక దీపాల సంగతి. సెమినరీలో ఈ పాఠం పరీక్ష కోసం చదివి మరచిపోయాము. మొన్న పాత నోట్సు తీస్తే కనబడింది. ప్రభువు కాలములో పర్ణశాలల పండుగకు దేవాలయములోని స్త్రీల ఆవరణంలో బంగారు దీపస్తంభాలు వెలిగించేవారని యూదుల మిష్నా చెబుతుంది. పడుచు యాజకులు నూనె కుండలు పట్టుకొని నిచ్చెనలెక్కేవారు. వత్తులు చేసింది యాజకుల పాత బట్టలు చింపి! యెరూషలేములో ఆ వెలుగు పడని వాకిలి లేదట. భక్తులు కాగడాలు పట్టుకొని ఆడి పాడేవారు. లేవీయకాండము 23వ అధ్యాయంలో ఈ దీపాల ఆజ్ఞ ఎక్కడా లేదు, వెతికి చూడండి. యోహాను 7వ అధ్యాయము ప్రకారం ప్రభువు ఆ పండుగకు వెళ్లాడు. 8వ అధ్యాయంలో లోకానికి వెలుగు తానేనని చెప్పాడు. ఆ మాట చెప్పిన కానుకపెట్టె చోటు స్త్రీల ఆవరణంలోనే ఉండేదని పండితులు అంటారు. ఆ దీపాలు ఆర్పమని మాత్రం ఆయన చెప్పలేదు.

యోహాను 10:22 చూడండి. అది ఆలయ ప్రతిష్ఠిత పండుగ, శీతకాలం. మోషే ధర్మశాస్త్రములో ఈ పండుగే లేదు, మక్కబీయుల కాలంలో పుట్టింది. యూదుల చరిత్ర రాసిన జోసీఫస్ దానిని దీపాల పేరుతోనే పిలిచాడు. ఆ పండుగ రోజుల్లో ప్రభువు సొలొమోను మంటపంలో నడుస్తున్నాడు. ఆయన్ని కూడా లోకస్థుడు అంటారా?

ఇంకొక మాట. సభలకు వేదిక చుట్టూ ఎల్ఈడీ లైట్లు, తెరలు పెట్టించి, తమ ఫోటోతో నిలువెత్తు ఫ్లెక్సీలు కట్టించుకునేవారే పేదరాలి ముప్పై రూపాయల బల్బు మీద పడ్డారు. మాకు బాధ కలిగించింది ఇదే.

పోటీకి పోయి అప్పు చేసి ఇల్లంతా లైట్లు చుట్టడం, లైన్ల మీద కొక్కేలు వేసి కరెంటు లాగడం మాకూ సమ్మతం కాదు. దొంగ కరెంటుతో వెలిగే నక్షత్రం మన మందిరం మీదున్నా దింపేస్తాము. కాబట్టి దొంగతనం మీద ప్రసంగించండి, అప్పుల మీద ప్రసంగించండి. వెలుగు మీద ఎందుకు?

ఈ 23వ తేదీ సాయంత్రం ప్రార్థన తర్వాత పిల్లలను తీసుకొని దీపాలు చూడడానికి వెళ్తున్నాము. మన ఊరి వీధులు నడిచి, ఆపైన రెండు ఆటోల్లో కాశీబుగ్గ దాకా. మంచు పడుతుంది, పిల్లలకు మఫ్లర్లు కట్టి పంపండి. ఆ పెద్దావిడ దగ్గరకు మేము ఆదివారం వెళ్లి, నిరుడు మౌనంగా ఉన్నందుకు క్షమించమని అడిగాము. నక్షత్రం అటక మీదే ఉంది, ఒక మూల ఎలుక కొరికింది. కాగితం, మైదా జిగురు మన యవ్వనస్థులు తెస్తామన్నారు. నడక ఆవిడ ఇంటి దగ్గరే మొదలవుతుంది, ఏడు గంటలకు.