ఎఱ్ఱమల్లె బాలిక – మన కర్తవ్యము

కడప మండలము పేరు వినబడినంతనే కఱవో, కక్షలో, తుమ్మలపల్లె యురేనియపు గనియో తలంచుకొనుట పలువురకు పరిపాటి. 2025వ సంవత్సరము నవంబరు 2వ తేదీ రాత్రి ఆ పరిపాటి తప్పినది. నవీ ముంబయిలో దక్షిణాఫ్రికాను 52 పరుగులతో నోడించి, మహిళల ప్రపంచ క్రికెట్టు కప్పును భారతదేశమునకు మొట్టమొదటిసారి తెచ్చిన జట్టులో, వీరపునాయునిపల్లె మండలమందలి ఎఱ్ఱమల్లె గ్రామపు పడుచు నల్లపురెడ్డి శ్రీచరణి యుండెను.

ఈమె చరిత్రము చిన్నది. అది నేర్పు పాఠము పెద్దది. బాల్యమున ఖోఖో, బ్యాడ్మింటను, పరుగుపందెములు ఈమె యాటలు. క్రికెట్టును పట్టుదలతో నభ్యసించినది పదునాఱేండ్ల ప్రాయమున. తండ్రి తొలుత సంశయించినను మేనమామ ప్రోత్సహించెను. ఎడమచేతి స్పిన్ బౌలింగున నారితేఱి, 2025 జూను 28న ఇంగ్లండులోని నాటింగుహాములో, తన మొదటి యిరువది ఓవర్ల అంతర్జాతీయ పోటీయందే 12 పరుగులిచ్చి 4 వికెట్లు కూల్చెను. ప్రపంచ కప్పులో 14 వికెట్లు గొనెను.

విజయానంతరము రాష్ట్ర ప్రభుత్వము 2.5 కోట్ల రూపాయలను, కడపలో ఇంటిస్థలమును, గ్రూపు-1 ఉద్యోగమును ప్రకటించెను. మేము మనసార హర్షించుచున్నాము. కాని ఒక్క ప్రశ్న యడుగక తప్పదు. పండిన చెట్టునకు పూజ చేయువారు పలువురు. మొలకకు నీరు పోయువారెవ్వరు? శ్రీచరణికి మేనమామ యుండెను. అట్టి మేనమామ లేని బాలిక గతి యేమి?

అమెరికాలో 1891లో జేమ్స్ నైస్మిత్ బాస్కెట్‌బాల్ క్రీడను కల్పించెను. మఱుసటి యేడే స్మిత్ మహిళా కళాశాలలో సెండా బెరెన్సన్ అను నుపాధ్యాయిని దానిని విద్యార్థినులచే నాడించెను. ఆ బాలికలు మన బాలికలకన్న బలిష్ఠులై పుట్టినవారు కారు. వారికి వ్యాయామశాల యొకటియు, నేర్పు గురువొకతెయు నుండిరి, అంతియే భేదము. 1972లో ఆ దేశము, ప్రభుత్వధనము పొందు విద్యాలయములలో స్త్రీలయెడ వివక్షను శాసనముచే నిషేధించెను. నాటినుండి కళాశాలా క్రీడలలో స్త్రీల సంఖ్య యెన్నో రెట్లు పెరిగెను. దయచే దొరకునది నేడుండి రేపు పోవును. హక్కుగా దొరకునది నిలుచును.

ఆడుపిల్లకు ఆటలేల, ఎండకు నల్లబడునను మాట రచ్చబండలపై నేటికిని వినబడుచున్నది. ఆ మాట యన్నవారే నవంబరు రాత్రి టపాకాయలు కాల్చిరి! ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పురజనులారా! మీ బాలికల పాఠశాలలకు మూడు కోరుడు: ఆడుటకొక మైదానము, నేర్పుటకొక గురువు, ప్రొద్దు గ్రుంకిన పిమ్మట ఇల్లు చేర్చుటకొక బస్సు. సన్మానసభలకు మీరిచ్చు చందాలో సగమీ పనికిచ్చినను, రాబోవు శ్రీచరణి మేనమామకై వెదకికొన నక్కఱలేదు.